పూజనాడు ఆగిన మొసలి

కలకత్తాలో మొసలిని చూడాలంటే టిక్కెట్టు కొనుక్కుని జూకి వెళ్ళాలి. మా లోకో షెడ్డులో మాత్రం ఒకటి టిక్కెట్టు లేకుండానే కనిపించేది. మూరెడు పొడవు, ఆకుపచ్చ ఒళ్ళు, ముందొక మూతి, వెనకొక మూతి. మాంసం ముట్టదు. పిసరంత కరెంటు తాగి, పట్టాల మీద గుండ్రంగా తిరుగుతుంది. ఉద్యోగంలో ఉండగా కొండంత ఇంజన్లు ఎన్నో నా ముందు ఆగిపోయాయి. వాటిలో ఒక్కటీ నన్ను ఆ మూరెడు బొమ్మ పెట్టినంత బెంగ పెట్టలేదు.

ఏదైనా పాడైతే మనవాళ్ళు "షెడ్డుకెళ్ళిపోయింది" అంటారు కదా. నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా రోజూ షెడ్డుకే వెళ్ళాను, సంత్రాగాఛి క్వార్టర్ల నుంచి సైకిలు మీద. కరెంటు ఇంజన్లకి మరమ్మతులు చేసే షెడ్డు అది. అందులో మోటార్ల సెక్షనుకి సూపర్వైజరుని. సూపర్వైజరంటే మరేం లేదు, పని తెలిసినవాళ్ళ వెనక నిలబడి తెలిసినట్టు తలాడించేవాడు. తలాడించడంలో నన్ను మించినవాడు ఆ డివిజన్లోనే లేడని పేరు.

ఇప్పుడు న్యూ టౌన్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి మన పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని చేసే పనేమిటో నాకు తెలియదు, నేను చేసిన పనేమిటో వాళ్ళకి తెలియదు, కాబట్టి ఇరుపక్షాలా గౌరవం నిలిచి ఉంది. ఈమధ్య బస్సు కోసం నిలబడి ఉంటే మా బ్లాకులో ఉండే ఒకమ్మాయి అడిగింది. "అంకుల్, మా ఆఫీసులో నేను చేసే పనిని ఇకనుంచి సాఫ్ట్‌వేరే చేసేస్తుందట. మీ రోజుల్లో ఇలాంటి గొడవలు లేవు. హాయిగా ఉండేవారు కదా?" నేను నోరు తెరిచేలోగా బస్సు వచ్చేసింది. ఆ పిల్ల ఎక్కేసింది. జవాబు నా దగ్గరే మిగిలిపోయింది. అదే ఇది.

మా సెక్షన్లో ఒక వైండరు ఉండేవాడు. అందరం మేస్త్రీ అనేవాళ్ళం. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల వెంబడి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం. మోటారు లోపల గిర్రున తిరిగే భాగాన్ని ఆర్మేచర్ అంటారు. ఇనప దిమ్మ, దానికి గాడులు, గాడుల్లో రాగి తీగ, తీగ మీద వార్నీసు. అది కాలిపోతే పాత రాగిని ఊడబీకి, కొత్తది చుట్టి, వార్నీసులో ముంచి, కొలిమిలాంటి గదిలో ఆరబెట్టాలి. ఆ చుట్టే పని మేస్త్రీది. మనిషి చుట్ట తాగేవాడు కాదు, చుట్టాల ఇళ్ళకి పోయేవాడు కాదు. చుట్టడం ఒక్కటే ఎరుగును. గున్న ఏనుగంత ఆర్మేచర్‌ని ముందు పెట్టుకుని ఆడపిల్లకి జడ వేస్తున్నంత శ్రద్ధగా చుట్టేవాడు.

ఆయనకి ఒకటే లోటు. ముక్కు పనిచేసేది కాదు. ఏళ్ళ తరబడి వార్నీసు ఆవిరి పీల్చి వాసన తెలియడం మానేసింది. తీగ లోపలెక్కడైనా మాడుతుంటే ముందు పసిగట్టేది ముక్కే. అందుకని మోటారుని పరీక్షకి పెట్టిన ప్రతిసారీ నన్ను పిలిచేవాడు.

"బాబూ, ఓపాలి మీ ముక్కు అప్పియ్యండి."

నేను వంగి వాసన చూసి, "ఏం లేదు మేస్త్రీ" అనేవాణ్ణి. ఆ సెక్షనుకి నేను చేసిన సాంకేతిక సేవ మొత్తం అంతే.

ఇంట్లో ఆ డ్యూటీ ఆయన భార్యది. పాలు విరిగాయో లేదో, కూర నిలవైందో లేదో ఆవిడే చెప్పాలి. "ఈ మనిషికి నాను మల్లిపూలెట్టుకున్నా ఒకటే, ఎండుసేపలెట్టుకున్నా ఒకటే అన్నయ్యా" అని నవ్వేది. క్వార్టరు వరండాలో కుట్టుమిషను పెట్టుకుని ఆ వరసలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది. రెండు చేతుల గాజులకీ పిన్నీసులు వేలాడుతుండేవి. బెంగాలీ ధారాళంగా మాట్లాడేది, బెంగాలీ వాళ్ళతో సమానంగా చేపలు బేరమాడేది. కానీ ఈ ఊరితో ఒక్క విషయంలో మాత్రం చివరిదాకా రాజీ పడలేదు. ఆవనూనె. దాన్ని గడప తొక్కనిచ్చేది కాదు. పక్క క్వార్టర్లో చేప వేగుతుంటే ఇటు కిటికీ మూసేది. "ముక్కులోకి మేకు దిగినట్టుంటాది" అనేది. మా ఇంట్లో మేమెప్పుడో లొంగిపోయాం. ఆవనూనె లేని వంకాయ వేపుడు మాకిప్పుడు వంకాయలాగే అనిపించదు.

ఇక అసలు కథ. నేను రిటైరవడానికి కొంచెం ముందు మా షెడ్డుకి కొత్త రకం ఇంజన్లు వచ్చాయి. వాటి మోటార్లలో మేస్త్రీ చుట్టే రకం ఆర్మేచర్ ఉండదు. పాత ఇంజన్లు ఒక్కొక్కటే తుక్కుకి పోసాగాయి. వైండింగ్ సెక్షన్ మూసెయ్యాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. అందులో పనిచేసేవాళ్ళు సర్‌ప్లస్. పేరులో ప్లస్సే గాని, ఆ మాట అనిపించుకున్నవాడికి అంతా మైనస్సే. కుర్రవాళ్ళని చక్రాల సెక్షనుకీ, క్రేన్ల దగ్గరికీ పంచేశారు. మేస్త్రీని మాత్రం షెడ్డు పక్కనే ఉన్న మా ట్రైనింగ్ స్కూల్లో పెడతామన్నారు. కొత్తగా చేరేవాళ్ళకి మోటార్ల గురించి చెప్పాలి. మంచి అవకాశమని నేను ఎగిరి గంతేశాను. నా గంతుతో ఆయనకేం పని?

"సుట్టడానికి ఆర్మేచరు లేని బళ్ళో నానేటి సెప్తాను బాబూ? మూజియంలో బొమ్మలాగ కూకోవాలేటి? ముందే రిటైరైపోతానని రాసిచ్చీసి ఎల్లిపోతాను."

"వెళ్తే క్వార్టరు ఖాళీ చెయ్యాలి."

"సేస్తాను."

"చెల్లెమ్మకి చెప్పావా?"

ఆ ప్రశ్నకి ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. అప్పటికి కంటి ఆపరేషన్ అయి ఎన్నాళ్ళో కాలేదు. "ఈ సేతుల్లో ఇంకేటైనా మిగిలుందో నేదో నాకే తెలట్లేదు" అన్నాడు. మొసలికి నీళ్ళల్లో ఉన్నంతసేపే బలం అంటారు. మేస్త్రీ చెరువు ఎండిపోతోంది. ఒడ్డున నిలబడి నేను తలాడిస్తున్నాను.

సరిగ్గా అప్పుడు వచ్చింది, నిజం మొసలి.

భవానీపూర్ నుంచి ఒక పెద్దాయన టాక్సీలో, ఒళ్ళో చెక్కపెట్టెతో దిగాడు. మా రైల్వేలోనే పెద్ద ఇంజనీరుగా చేసి ఎప్పుడో రిటైరైన బెంగాలీ. వయసులో ఉన్నప్పుడు శిక్షణ కోసం స్విట్జర్లాండు వెళ్ళి, వస్తూ ఈ బొమ్మ ఇంజన్ తెచ్చుకున్నాడట. "ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టమని ప్రమోటరుకి ఇచ్చేశాం. కొత్త ఫ్లాట్లో నేను పట్టడమే కష్టం, మొసలెక్కడ పడుతుంది? మీ స్కూల్లో పెట్టుకోండి" అన్నాడు.

పెట్టె తెరిస్తే అందరం మూగాం. ఆ దేశపు మంచుకొండల మీదుగా సరుకు బళ్ళు లాగడానికి కట్టిన పాత కరెంటు ఇంజన్‌కి నకలు. మధ్యలో డ్రైవరు గది, అటూ ఇటూ పొడవాటి మూతులు, చక్రాలన్నిటినీ కలుపుతూ పక్కన కడ్డీలు. వంకర దారిలో మూతులు విడిగా అటూ ఇటూ తిరుగుతాయి. అది చూసే అక్కడివాళ్ళు దానికి మొసలి అని పేరు పెట్టారట. దీని చుట్టాలు మన దేశంలోనూ బొంబాయి వైపు ఘాట్ల మీద నడిచేవి. అక్కడివాళ్ళు వాటిని పీత అన్నారు. రైలువాళ్ళకి జలచరాల మీద ఆ మమకారం ఏమిటో గాని, చేప అనకుండా ఆగింది బెంగాల్‌కి రాకపోబట్టే అయి ఉండాలి.

గుండ్రటి పట్టాలు పరిచాం. ఎలక్ట్రిక్ షెడ్డువాళ్ళం కాబట్టి ముట్టుకునే ముందు పద్ధతి ప్రకారం పైన ఉన్న ప్యాంటోగ్రాఫ్‌ని, అంటే కరెంటు తీగని తాకే ఆ చట్రాన్ని, జాగ్రత్తగా కిందికి దించాం. నడపాలన్నప్పుడు దాన్ని పైకెత్తి, పైన తీగ ఏదీ అని వెతుక్కున్నాం. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. ఈ బొమ్మకి పైనున్నవన్నీ అలంకారాలే. కరెంటు కిందినుంచి వస్తుంది. రెండు పట్టాల మధ్య మూడో పట్టా ఉంది. ఇంజన్ కడుపు కింద చెప్పులాంటి రాగి రేకు ఒకటి దాన్ని రాసుకుంటూ కరెంటు తాగుతుంది. జీవితమంతా కరెంటు కోసం ఆకాశం వైపు చూసినవాళ్ళం, ఆవేళ అందరం మోకాళ్ళ మీద కూర్చున్నాం.

పెట్టెతోపాటు తెచ్చిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు మీట తిప్పాడు పెద్దాయన. ఇంజన్ మూలిగింది. మూతి సందుల్లోంచి సన్నటి పొగ వచ్చింది. ఆ వాసనకి ఎవరి ముక్కూ అప్పు తీసుకోనక్కర్లేదు.

"కాలిపోనాది. ఇప్పండి" అన్నాడు మేస్త్రీ.

విప్పితే లోపల ఆర్మేచర్ ఉసిరికాయంత ఉంది. తీగ వెంట్రుకలాగ ఉంది. మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత నన్ను పక్కకి పిలిచాడు.

"ఇది నాను సుడతాను బాబూ. ఇశ్వకర్మ పూజనాడు అందరి ముందూ తిరిగినాదా, బళ్ళోకి ఎల్తాను. తిరగనేదా, సేతులైపోనాయని ఒప్పుకోని ఎల్లిపోతాను. మీరు మరి అడ్డు సెప్పకూడదు."

"పందెమా మేస్త్రీ?"

"పందెం కాదు. పరీచ్చ."

షెడ్డు చప్పుడులో అంత సన్నపని కుదరదని ఇంటికి పట్టుకెళ్ళాడు. భాద్రపదం ఉక్కలో ఫ్యాను ఆపుకుని, గాలికి తీగ కదలకుండా తలుపులు మూసుకుని కూర్చున్నాడట. భార్య కుట్టుమిషను ఆపేసింది, బల్ల అదురుతుందని. వార్నీసు పెట్టాక పెద్ద పొయ్యి లేదు కాబట్టి వంటింట్లో పెనం మీద ఇత్తడిగిన్నె బోర్లించి, దాని కింద ఆరబెట్టారు. నేను చూడ్డానికి వెళ్తే ఆవిడ గరిట పట్టుకుని నిలబడి ఉంది.

"రండన్నయ్యా, పప్పు పొయ్యి మీద మోటారు వొండుతున్నాం. ఉప్పెయ్యమంటారేటో అడగండి మీ మేస్త్రీని."

"ఎయ్యకు. తినేది మొసలి" అన్నాడాయన, తలెత్తకుండా. చాలా రోజులకి ఆయన వేసిన జోకు అది.

పూజకి ముందురోజు స్కూల్లో పట్టాలు పరిచి చూశాం. తిరిగింది. నాకైతే అదే చాలు. మేస్త్రీకి మాత్రం అది లెక్కలోకి రాదు. పూజనాడు, అందరి ముందు.

విశ్వకర్మ పూజ గురించి కలకత్తాలో పెరిగిన మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆకాశం నిండా గాలిపటాలు, ప్రతి షెడ్డులోనూ ఏనుగు మీద కూర్చున్న దేవుడు. ముందురోజే పనిముట్లన్నీ కడిగి, తుడిచి, విగ్రహం ముందు పేరుస్తాం. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తులు, శ్రావణాలు. పూజ మర్నాడు పొద్దున్న పూజారి చెప్పేదాకా వాటిని ముట్టుకోకూడదు. ఆ ఒక్కరోజూ అవి దేవుడివి. ఏడాదంతా గేటు దాటి రానివ్వని మా ఆడవాళ్ళనీ, పిల్లల్నీ షెడ్డులోకి రానిచ్చేదీ ఆరోజే.

బొమ్మ ఇంజన్ నడవొచ్చా కూడదా అని ముందు చర్చ జరిగింది. పూజ ఏర్పాట్లన్నీ చూసే బెంగాలీ ఫిట్టరు దాదా తీర్పు చెప్పాడు. "పనిముట్టుకి సెలవు. ఇది పనిముట్టు కాదు, బండి. కొత్త ప్రాణం పోసుకున్న బండి పూజయ్యాక ఒక్కసారి కదలాల్సిందే." ఆయన మాటకి మా షెడ్డులో అప్పీలు లేదు.

కాబట్టి విగ్రహం పక్కన బల్ల మీద పట్టాలు పరిచి మొసలికి పూజ చేశాం. ఇక్కడే మేం మా తెలివి చూపించాం. పెద్ద ఇంజన్‌కి ఏమేం చేస్తామో ఈ మూరెడు దానికీ అన్నీ చేశాం. దాదా సింధూరాన్ని ఆవనూనెలో కలిపి, క్రేనుకి బొట్టు పెట్టిన వేలితోనే మొసలికీ పెట్టాడు. రెండు మూతులున్నాయి కదా అని రెండిటికీ. చక్రాలకి. చివరికి దారి శుభమవ్వాలని ఎదురుగా ఉన్న పట్టాలకి కూడా, మూడింటికీ, ధారాళంగా. ఆంధ్రా పక్షాన నేను ఊరుకుంటే బాగుండదని చిట్టి నిమ్మకాయలు ఏరి తెచ్చి చక్రాల కింద పెట్టాను. పైన బంతిపూల దండ. వేసేసరికి మొసలి కనపడలేదు, దండే కనిపించింది.

భవానీపూర్ పెద్దాయన కుర్చీలో కూర్చుని మీట తిప్పాడు. మొసలి కదిలింది. నిమ్మకాయ చితికింది. తెలుగువాళ్ళం చప్పట్లు కొట్టాం. జానెడు దూరం పోయింది.

ఆగిపోయింది.

పెద్దాయన మీట ఇంకొంచెం తిప్పాడు. ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమంటోంది గాని ఇంజన్‌లో చలనం లేదు. వెనకనుంచి ఎవరో "పుడే గేఛే" అన్నారు. కాలిపోయిందని. ఆ మాట మనిషి నుంచి మనిషికి పాకి ముందుకొచ్చింది. మేస్త్రీ నా పక్కనే ఉన్నాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు.

"బాబూ, మీ ముక్కు" అన్నాడు నెమ్మదిగా. 'ఓపాలి' అనలేదు, 'అప్పియ్యండి' అనలేదు.

వంగి వాసన చూశాను. ధూపం, అగరొత్తులు, బంతిపూలు. ముక్కు నిండా దేవుడే ఉన్నాడు. "తెలియడం లేదు మేస్త్రీ" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ ముక్కుతో పనిపడిన ఒకే ఒక్క రోజున అది కూడా సర్‌ప్లస్సే అయింది.

విప్పి చూద్దామని విగ్రహం ముందున్న స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపాను. ఫిట్టరు దాదా నా మణికట్టు పట్టుకున్నాడు. కోపంగా కాదు, గుళ్ళోకి చెప్పులతో వెళ్తున్నవాణ్ణి ఆపినట్టు.

"ఆజ్ నా, దాదా. ఆజ్ నా." ఇవాళ కాదు.

"అయితే రేపు చూద్దాం. రేపు విప్పితే తెలిసిపోతుంది" అన్నాను మేస్త్రీతో.

"రేపటితో పనేటి బాబూ. నాను రేపనలేదు కదా." జేబురుమాలు మడత పెట్టి జేబులో పెట్టుకుని గేటు వైపు నడిచాడు. జనం దారి ఇచ్చారు. అలా దారి ఇవ్వడం ఎంత పాపమో నాకు ఆరోజే తెలిసింది.

ఆడవాళ్ళ వైపు నుంచి మేస్త్రీ భార్య అడ్డం వచ్చింది.

"ఏటండి, ఎక్కడికి?"

"కాలిపోనాది."

"ఎవలు సెప్పేరు? మీ ముక్కా?"

ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. ఆవిడ పైట బిగించి నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది. దండ తీసి పక్కన పెట్టింది. ఇంజన్ మీదికి వంగి, ముక్కు చిట్లించి, మొహం పక్కకి తిప్పుకుంది.

"వార్నీసు మాడితే ఎలాగుంటాదో నాకు తెల్దేటి? ఇన్నేళ్ళూ మీ సొక్కాలు ఉతికిందెవలు? ఇది వార్నీసు కాదు. మంచి సేపలేపుడు. ఓలమ్మ, ఎంత ఆవనూనె పోసేర్రా నాయినా! దీని కడుపు కిందనుంచి కొడతంది."

అంతమందిమి ఉన్నాం. రోజూ ఆ నూనెతోనే అన్నం తినే ముక్కులు మావి. మాకది వాసనే కాదు, ఇల్లు. ఫిట్టరు దాదా తన కుడిచేతి వేలు చూసుకున్నాడు. నేను చితికిన నిమ్మకాయ వైపు చూశాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మేస్త్రీ వెనక్కి వచ్చాడు. ఇంజన్‌ని రెండు చేతులా ఎత్తి, బోర్లించాడు. కడుపు కింద రాగి చెప్పు కనపడలేదు. ఎర్రటి ముద్ద ఉంది. సింధూరం, నూనె, నిమ్మ తొనలు. ఆ ముద్ద మీదుగా కరెంటు ఎక్కడం మాట అటుంచి, చీమ కూడా ఎక్కదు. మోటారుకి ఏమీ కాలేదు. పూజ చేసి చంపాం, అంతే.

రేకుకీ కడుపుకీ మధ్య సందు గోరు కూడా పట్టనంత సన్నం. మేస్త్రీ చుట్టూ చూశాడు. సన్నటివన్నీ దేవుడి ముందు ఉన్నాయి. ఆవిడ గాజుకున్న పిన్నీసు తీసి అందించింది.

"ఆగండి దిదీ" అన్నాడు ఫిట్టరు దాదా. ఇబ్బందిగానే అన్నాడు, కానీ ధర్మం ధర్మమే. "మీరు కుట్టుపని చేస్తారు. పిన్ను మీ పనిముట్టే కదా?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. ఆరోజు పొద్దున్న ఆవిడా కుట్టుమిషనుకి బొట్టు పెట్టి, కత్తెర దేవుడి దగ్గర పెట్టి వచ్చిన మనిషే.

"మిషను కాడ ఉంటే పనిముట్టు దాదా. గాజుకుంటే గోయ్నా" అంది. నగ అని.

దాదా పూజారి వైపు చూశాడు. పూజారి ప్రసాదం గిన్నె వైపు చూశాడు. అభ్యంతరం వీగిపోయింది.

మేస్త్రీ పిన్నీసుతో సందులో ముద్ద లాగుతుంటే, ఆవిడ పైటచెంగుతో రేకు తుడిచింది. చక్రాలు ఒక్కొక్కటే. ముక్కు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, ఆ నూనెనే తన నూలు చీర చెంగుకి పట్టించుకుంది. మిగిలినవాళ్ళం జేబురుమాళ్ళు తీసి పట్టాలు తుడిచాం. దాదా ఆరోజే తలకి కట్టుకున్న కొత్త గంఛా తువ్వాలు విప్పి తుడిచాడు.

"తిప్పండి" అన్నాడు మేస్త్రీ.

పెద్దాయన మీట తిప్పాడు. కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడాయి. మొసలి మలుపు దగ్గర ముందు మూతి లోపలికి తిప్పి, తరవాత ఒళ్ళు, తరవాత వెనక మూతి, ఒక్కొక్కటీ తొందర లేకుండా తెచ్చుకుంటూ తిరిగింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. పిల్లలు అరుస్తున్నారు. మేస్త్రీ అరవలేదు. పెద్ద మోటార్ల మీద పెట్టినట్టే, తిరుగుతున్న ఇంజన్ పైన గాలిలో అరచెయ్యి చాపి ఉంచాడు, అది కింద నుంచి వెళ్ళిన ప్రతిసారీ వేడి ఎంతుందో చూస్తూ.

సాయంత్రం క్వార్టర్లకి నడుస్తుంటే ఆయన ముందు, మేం వెనక. ఆవిడ నాకు మాత్రం వినపడేలా అడిగింది.

"బడికి ఎల్తానన్నారేటి అన్నయ్యా?"

నేను తత్తరపడ్డాను. "నీకు చెప్పాడా?"

"ఆ మనిషి సెప్తాడేటి? వొంటింట్లో గోడకి మేకు కొట్టండి, గిన్నెలు తగిలించుకోవాలంటే ఎంతకీ కొట్టనేదు. ఉండేవోడైతే కొడతాడు కదా."

మర్నాడు పొద్దున్న పూజారి సరేనన్నాక అందరం ఎవరి పనిముట్లు వాళ్ళం తీసుకున్నాం. మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, "బాబూ, సిన్న సుత్తొకటి ఇంటికట్టుకెళ్ళి సాయంత్రం తెస్తాను" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నా పేరు నిలబెట్టుకుంటూ తలాడించాను.

బస్సెక్కిపోయిన అమ్మాయీ, నీకు ఇక్కడ నిజం చెప్పాలి. మొసలి తిరిగినంత మాత్రాన వైండింగ్ సెక్షన్ తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు. ఆ తాళం అలాగే ఉంది. మేస్త్రీ పని పోయింది పోయినట్టే. స్కూల్లో ఆయన చెప్పిన పాఠాలు కూడా నేననుకున్నట్టు లేవు. కుర్రాళ్ళకి చుట్టడం నేర్పలేదు, అది వాళ్ళకి అక్కర్లేదని ఆయనకి తెలుసు. కాలిన తీగ ముక్క, కాలని తీగ ముక్క చెరో డబ్బాలో పెట్టుకుని, వచ్చిన ప్రతివాణ్ణీ కళ్ళు మూసుకుని వాసన చూడమనేవాడు. "మీటరు సెప్పేలోగా మీకు తెలాల" అనేవాడు. కొత్త ఇంజన్లలోనూ తీగలు మాడతాయి, ఆ వాసన మారలేదు. తన దగ్గర లేని ముక్కుని అంతమందికి పంచిపెట్టాడు. అది ఉద్యోగమా, కాదా అంటే నాకు తెలియదు. మనిషి మాత్రం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాడు. క్వార్టరు వరండాలో కుట్టుమిషను చప్పుడు ఆగలేదు.

మరుసటి ఏడు పూజకి పనిముట్లు పేరుస్తున్నాం. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తులు అయ్యాక మేస్త్రీ చొక్కాజేబులోంచి ఏదో తీసి, తుడిచి, వాటి పక్కన పెట్టాడు. పిన్నీసు. ఫిట్టరు దాదా దాన్ని చూశాడు. వేలితో ఆవగింజంత సింధూరం దానికీ పెట్టాడు. ఈసారి నూనె లేకుండా.

మర్నాడు పూజకి షెడ్డుకి వచ్చిన ఆవిడ దణ్ణం పెట్టుకోబోతూ ఆగి, గాజులు తడుముకుంది.

"అదీ సంగతి! ఏడాదిబట్టి ఎతుకుతున్నాను. ఇటు తెండి, జాకెట్టు హుక్కు ఊడిపోనాది" అని చెయ్యి చాపింది.

ఫిట్టరు దాదా తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆజ్ నా, దిదీ. ఆజ్ నా."